బావివైపు మూల

రెంటచింతలలో భూమిని కింది నుంచి వేడి చేస్తారని మొదటిసారి విన్న రోజు నేను నవ్వాను. నేనొక్కణ్ణే కాదు, మాచర్లలో నా మోటారు వైండింగు షాపు ముందు బెంచీ మీద కూర్చున్న నలుగురూ నవ్వారు. ఎండాకాలం వస్తే, రాష్ట్రంలో అన్నిటికంటే ఎక్కువ ఎండ అక్కడేనని టీవీవాళ్ళు మా రెంటచింతలను తల్చుకోని రోజుండదు. కాలిపోయిన మోటారు పట్టుకొచ్చిన రైతు ఒకాయన, "పైనుంచి దేవుడు కాల్చేది సరిపోలేదంటా, కిందనుంచి వీళ్ళు కూడా మొదలెడతారా?" అన్నాడు.

ఆ కబురు తెచ్చిన ఇంజనీరమ్మాయి మాత్రం నవ్వలేదు. పాతికేళ్ళు దాటి ఒకటో రెండో ఉంటాయి. హైదరాబాదులో ఏదో చిన్న కంపెనీ పంపితే వచ్చింది. చెమట తుడుచుకుంటూ, కూర్చోమన్నా కూర్చోకుండా విషయం చెప్పింది. రెంటచింతల దాటాక రోడ్డు పక్కన మూతపడ్డ పెట్రోలు బంకు ఒకటుంది. భూమిలో పాతిన దాని ట్యాంకు ఎన్నేళ్ళు కారిందో ఎవరికీ తెలియదు. కారిన పెట్రోలూ డీజిలూ మట్టిలోకి దిగి కూర్చున్నాయి. వరసగా ఇనప గొట్టాలు దించి, వాటిలో కరెంటు హీటర్లు పెట్టి, మట్టిని నీళ్ళు మరిగేంత వేడి చేస్తే లోపలి నూనె ఆవిరవుతుంది. ఆ ఆవిరిని బ్లోయరుతో బయటికి లాగి, చల్లబరిచి, డ్రమ్ముల్లోకి పడతారు. మట్టిని తవ్వి లారీల్లో మోసుకెళ్ళే పని లేదు.

"బోర్లలోకి మోటార్లు దించడం, పైకి తీయడం బాగా తెలిసిన మనిషి కావాలండీ. ఎవరినడిగినా మీ షాపే చూపించారు" అంది.

ఆ ఒక్క మాటకు నేను పడిపోయాను. నాకు నా పనంటే గర్వం ఎక్కువ. నేను చుట్టిన మోటారు రెండోసారి నా షాపు మెట్టెక్కదని ముప్ఫై ఏళ్ళుగా అందరికీ చెప్పుకుంటున్నాను. అడక్కపోయినా చెబుతాను. నా పద్ధతులు కూడా నావే. వైర్లకు నంబర్లు వేయడం, చీటీలు అంటించడం నాకు చేతకాదు. మా ఇంటామె పాత చీరల పీలికలు కడతాను. పచ్చ పీలిక ఏది, బొట్లబొట్ల పీలిక ఏది, అంతా తలకాయలో ఉంటుంది. నేను వైర్లు కలిపిన మొదటి రోజే ఇంజనీరమ్మాయి ప్యానెలు బోర్డు తెరిచి, పీలికలు చూసి, "ఇదేంటి బాబాయ్, గాజుల కొట్టులా ఉంది" అంది. ఆ రోజు నుంచి నేను బాబాయినయ్యాను.

బంకు ప్రహరీ అవతల ఉన్నది పెద్దమ్మ పొలం. ఆమె నాకు చుట్టం కాదు. వాళ్ళు భూములున్న రైతులు, మేం సాయిబులం. మా నాన్న వాళ్ళ బావి మీద ఆయిలు ఇంజను బాగుచేస్తూ ఆమెను వదినా అని పిలిచేవాడు. అట్లా నాకు పెద్దమ్మ అయింది. ఇప్పుడు డెబ్భై దాటాయి. మాట మాత్రం ఎండుమిరపకాయే. ఊళ్ళో రెండు పార్టీలవాళ్ళూ ఎలక్షన్లప్పుడు ఆమె ఇంటి ముందు స్పీకరు తగ్గించుకుని పోతారు.

ఆ పొలం గట్టున, రోడ్డును ఆనుకుని, పెద్దమ్మ ప్రతి ఎండాకాలం చలివేంద్రం పెట్టేది. ఉగాది వెళ్ళగానే తాటాకు పందిరి లేచేది. దాని కింద ఇసక పోసి, తడిపిన గోనెపట్టాలు చుట్టిన ఆరు కుండలు పెట్టేది. నీళ్ళు ఆ పొలంలోని బావివే. నాపరాయి కట్టిన పాత బావి అది. నీళ్ళలో కొంచెం ఉప్పదనం ఉండేది. ఆ నీళ్ళకు కందిపప్పు ఉడకదని వాళ్ళ కోడలు గొణిగేది కానీ, రెంటచింతల ఎండలో బస్సు దిగినవాడికి పప్పు గొడవెందుకు? దోసిలి పడితే పెద్దమ్మే పొడుగుకాడ గరిటెతో పోసేది. మాచర్ల బస్సు అక్కడ ఆపకపోతే జనం డ్రైవరును ఊరుకోనిచ్చేవాళ్ళు కాదు. చిన్నప్పుడు నాన్న వెనక సైకిలు మీద వచ్చి నేను తాగిన నీళ్ళకు లెక్క లేదు.

ఒక ఏడాది నీళ్ళు వాసన కొట్టాయి. ముందు కుండల మీదికి పోయింది నేరం. కుండలు మార్చారు. తర్వాత గరిటె మీదికి పోయింది. ఆ తర్వాత కుండలు కడిగిన కోడలి మీదికి పోయింది, ఆ కోడలు నాలుగు రోజులు పెద్దమ్మతో మాట్లాడలేదు. చివరికి బకెట్టు దించి తోడి ఎండలో పెడితే, నీళ్ళమీద రంగురంగుల తెట్టు తేలింది. ఆ మధ్యాహ్నమే పెద్దమ్మ పందిరి పీకించేసింది. అది జరిగి తొమ్మిదేళ్ళు.

క్యాన్ల నీళ్ళు తెప్పించి పెడదామమ్మా అని కొడుకు అంటే ఆమె ఒప్పుకోలేదు. "కొన్న నీళ్ళు పోస్తే పుణ్యం క్యానులోడికి పోయిద్ది. నాకేం మిగిలిద్ది, కుండ కడిగిన కూలా?" అంది. అంతటితో ఊరుకోలేదు. బావి నీళ్ళు సీసాలో పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఏ దొర గదిలోకి వెళ్ళినా ముందు ఫ్యాను ఆపమనేది, తర్వాత బల్లమీద సీసా పెట్టి మూత తీసేది. ఆమె పోరు పడలేకే పైవాళ్ళు ఈ వేడి వైద్యం మంజూరు చేశారని ఊళ్ళో చెప్పుకుంటారు. నేను దాన్ని నమ్ముతాను.

పని మొదలైన రోజు నుంచి పెద్దమ్మ పొద్దున్నే ప్రహరీ దగ్గరికొచ్చి ఇంజనీరమ్మాయిని ఒకటే అడిగేది. "ఏమ్మాయ్, నా కుండలు ఎప్పుడు పెట్టుకోవచ్చు?" మట్టి శుభ్రమైతే, ఆ తర్వాత ఒక వానాకాలం బావిని తోడి తోడి కడిగితే, వచ్చే ఏడాది ఎండాకాలానికి పెట్టుకోవచ్చని ఆ అమ్మాయి చెప్పేది. మట్టిలో నూనె ఏ మూలన మిగిలినా అది మళ్ళీ బావిలోకే దిగుతుందని కూడా చెప్పేది. ఇది నేను రోజూ పక్కన నిలబడి విన్నాను. ఎవరూ నాకు చెప్పలేదనడానికి లేదు.

నలభై గొట్టాలు దించాం. మధ్యలో ఆవిరి లాగే గొట్టాలు వేరు. పైన ప్లాస్టిక్ షీటు పరిచి, దానిమీద సిమెంటు చప్టా పోశాం, వేడి పైకి పోకుండా, వాన లోపలికి దిగకుండా. ఇదంతా చూసి మా వాళ్ళకు ఒక్క క్షణంలో అర్థమైంది. కింద మంట, పైన మూత, గొట్టంలో ఆవిరి, చల్లబరిస్తే చుక్కచుక్క. "ఇంతేగా, సారా బట్టీ" అన్నారు. కుర్రాళ్ళు కాదు, పెద్దమనుషులే అన్నారు, అనుభవం ఉన్నట్టే అన్నారు. వారం తిరక్కుండా ఇద్దరు కానిస్టేబుళ్ళు మోటారుసైకిలు మీద వచ్చి డ్రమ్ములు వాసన చూసి, ముఖాలు చిట్లించుకుని వెళ్ళారు.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. వేడి ఎంతుందో తెలియడానికి పన్నెండు చోట్ల సన్న గొట్టాల్లో సెన్సార్లు దించాలి. పన్నెండోది బావివైపు మూల. ఆ రోజు శనివారం సాయంత్రం. అది దించుతుంటే గొట్టం అంచు తగిలి సెన్సారు వంగి, తీగ తెగింది. స్పేరు హైదరాబాదు నుంచి రావడానికి పది రోజులు పడుతుంది. తెల్లారితే ఆదివారం, కంపెనీ పెద్దాయన వచ్చి స్విచ్చి వేస్తాడు. ప్యానెలు మీద ఒక్కో సెన్సారుకు ఒక్కో గడి, ఒక గడిలో అంకె రాకపోతే అది కుయ్యోమంటుంది. ఆయన ముందు, ఈ అమ్మాయి ముందు, నేను దించినది తెగిందని చెప్పాలి. అంత మాట నా నోటినుంచి రాలేదు. పన్నెండో తీగను తీసుకెళ్ళి పదకొండో సెన్సారుకే కలిపేశాను. రెండు గడుల్లోనూ అంకెలు వచ్చాయి. స్పేరు రాగానే మార్చేద్దాం, ఈలోపు ఎవడికేం నష్టం అనుకున్నాను.

స్పేరు వచ్చింది. అప్పటికి భూమి వేడెక్కింది. మార్చాలంటే ఆ వరస ఆపాలి, ఎందుకో చెప్పాలి. రేపు చూద్దామని దాన్ని బంకు గదిలోని బీరువాలో హెల్మెట్ల వెనక పెట్టాను. ఆ రేపు మూడు నెలలు నడిచింది. ఇంజనీరమ్మాయి రోజూ పన్నెండు అంకెలూ రాసుకుని, "చూడు బాబాయ్, పదకొండూ పన్నెండూ కవల పిల్లలు, ఒక్క డిగ్రీ తేడా ఉండదు" అని మురిసేది. "మట్టి ఒకటేగా అమ్మా" అనేవాణ్ణి. మొదటిసారి అన్నప్పుడు నాలుక తడబడింది. పదోసారికి సాఫీగా వచ్చింది. మనిషికి అబద్ధం ఎంత తొందరగా అలవాటవుతుందో నేను అప్పుడే చూశాను.

మూడు నెలలకు అన్ని గడులూ వంద డిగ్రీలు దాటాయి. డ్రమ్ముల్లో పడే నూనె రోజురోజుకీ తగ్గింది. మాఘమాసం చివర్లో ఒక శుక్రవారం హీటర్లు ఆపేస్తారని కబురొచ్చింది.

ఆ ముందు శనివారం వాన పడింది. మిరప కళ్ళాల్లో పరిచి ఉండగా పడే వాన అంటే ఏమిటో మా పల్నాడులో పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఏడాది కష్టమంతా నేలమీద ఎర్రగా పరిచి ఉంటుంది. పట్టాలు కప్పేలోపే తడుస్తుంది, తడిసిన కాయ రెండు రోజుల్లో ఆరకపోతే తెల్లబడిపోతుంది. వాన ఆగింది కానీ మబ్బు విడవలేదు. ఎప్పుడూ మా నెత్తినే ఉండే సూర్యుడు కావలసిన రోజున కనపడలేదు. ఇంజనీరమ్మాయి ఆ రెండు రోజులూ ఏవో కాగితాల పనిమీద గుంటూరు వెళ్ళింది. తాళాలు నా దగ్గరున్నాయి.

ఆదివారం పొద్దున పెద్దమ్మ ప్రహరీ మీదినుంచి తలపెట్టి చూసింది. ఊరంతా బురదగా ఉంటే మా చప్టా మాత్రం పొగలు కక్కుతూ పొడిగా ఉంది.

"ఒరేయ్, గేటు తియ్యి."

"ఎందుకు పెద్దమ్మా?"

"ఎందుకేందిరా, కళ్ళు లేవా నీకు? ఇంత కళ్ళం కట్టుకొని ఖాళీగా పెట్టినావే."

ఇది కళ్ళం కాదని, కింద పెట్రోలుందని, లోపలికి ఎవరినీ రానివ్వకూడదని చెప్పాను. "పెట్రోలు పైకి వచ్చిద్దా?" అని అడిగింది. రాదు, బ్లోయరు లోపలికే లాగుతుందని నేనే చెప్పాను. "మరింకేంది" అంది. నా వాదన అక్కడితో అయిపోయింది. గంటలో పెద్దమ్మా, ఆమె కోడలూ, పక్క పొలాల ఆడవాళ్ళు పదిమందీ తట్టలతో వచ్చారు. హెల్మెటు లేనిదే లోపలికి రాకూడదని గేటుమీద బోర్డుంది. రూలు రూలే కదా అని బీరువా తెరిచి అందరికీ హెల్మెట్లు పంచాను. కొప్పులమీద పసుపుపచ్చ టోపీలు పెట్టుకుని, కొంగులు దోపుకుని, ఆడవాళ్ళు ఈ కొసనుంచి ఆ కొసకు మిరపకాయలు పరిచారు. మధ్యాహ్నానికి చప్టా మొత్తం ఎర్రబడింది. ఘాటుకు అందరం తుమ్ముతూ, ఒకరినొకరు చూసి నవ్వుకుంటూ ఉన్నాం. అంత సంతోషంగా పనిచేసిన రోజు నాకు ఈ మధ్య గుర్తులేదు.

సోమవారం పొద్దున కాయలు తిరగేస్తుంటే పెద్దమ్మ ఒకచోట ఆగింది. చేత్తో పిడికెడు తీసి చెవి దగ్గర ఊపింది. పక్కకెళ్ళి ఇంకో పిడికెడు ఊపింది. ఆరిన కాయలో గింజ గలగలమంటుంది. మళ్ళీ వెనక్కి వచ్చింది. చెప్పులు విడిచి, పాదాలతో చప్టాను తడుముతూ మెల్లగా నడిచింది.

"ఒరేయ్, ఈ మూల కాయ ఆరలా. అంతా గలగలమంటంది, ఈడ మాత్రం మెత్తగా ఉంది. ఏందిది?"

అది బావివైపు మూల.

"నీడ పడతందేమో పెద్దమ్మా" అన్నాను.

ఆమె పైకి చూసింది. రెండు రోజులుగా ఆకాశంలో సూర్యుడే లేడు. "ఎవరి నీడరా, నీదా?" అంది. "కాలు పెట్టి చూడు. అంతా సంగటి కుండ మాదిరి వెచ్చంగా ఉంది. ఈడికొచ్చేసరికి చల్లంగా ఉంది."

నేనూ చెప్పులు విడిచి కాలు పెట్టాను. నిజంగానే చల్లగా ఉంది. ప్యానెలులో పన్నెండో గడి నూట నాలుగు చూపిస్తోంది. నా పాదం అది అబద్ధమంటోంది. ఆ అబద్ధం ఎవరిదో ఆ చప్టామీద ఉన్నవాళ్ళలో నాకొక్కడికే తెలుసు.

ఇంజనీరమ్మాయి వచ్చేది మంగళవారం. సోమవారం సాయంత్రం ఇంటికెళ్ళి టీ ముట్టుకోకుండా కూర్చుంటే మా ఇంటామె అడిగింది. ముప్ఫై ఏళ్ళలో నేను ఆమెకు చెప్పుకున్న గొప్పలే గానీ తప్పులు లేవు, అందుకని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. మొత్తం విని ఆమె, "శుక్రవారం ఆపేస్తే ఏమవుద్ది?" అని అడిగింది. "ఆ మూల నూనె అట్టనే ఉండిద్ది. మళ్ళీ బావిలోకే దిగిద్ది" అన్నాను. "చెబితే?" అంది. "నా పరువు పోయిద్ది."

"నీ పరువు ఆ పెద్దామె బావికంటే లోతా?" అంది. తర్వాత ఇంకో మాట కూడా అంది. "నువ్వు చెబుతావా, నన్ను వచ్చి చెప్పమంటావా?" ఆమె చెబితే ఎట్లా చెబుతుందో నాకు తెలుసు. నేనే చెప్పడం నయమనిపించింది.

మంగళవారం ఇంజనీరమ్మాయి గేటు తెరవగానే ఆమెకు కనిపించింది తన ప్రాజెక్టు కాదు, మిరప యార్డు. నోరు తెరిచింది గానీ తిట్టేలోపు ఆరు తుమ్ములు వచ్చాయి. కళ్ళు తుడుచుకుంటూ, "బాబాయ్, ఏంటిది? హెడ్డాఫీసుకు తెలిస్తే నన్ను ఇక్కడే పాతేస్తారు" అంది. హెల్మెట్లు పెట్టుకున్న ఆడవాళ్ళను చూసి నవ్వాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు.

"అమ్మా, దీనికంటే పెద్ద తప్పు ఇంకోటి ఉంది. అది ముందు విను" అన్నాను.

అందరి ముందే చెప్పాను. పక్కకు తీసుకెళ్ళి చెబుదామనుకున్నాను గానీ, పక్కకు వెళ్తే మళ్ళీ మాట మార్చేస్తానని భయం వేసింది. బీరువా తెరిచి హెల్మెట్ల వెనక ఉన్న స్పేరు సెన్సారు తీసి ఆమె చేతిలో పెట్టాను. ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. ఆ అమ్మాయి కవరును అటూ ఇటూ తిప్పి చూసి, దాన్ని చించింది. అరిచినా బాగుండేది. ఆ వరస ఆపించి, తనే మోకాళ్ళమీద కూర్చుని, కొత్త సెన్సారు దించి, తీగ కలిపింది. ప్యానెలులో పన్నెండో గడి నూట నాలుగు నుంచి కిందికి దిగి, దిగి, ముప్ఫై ఎనిమిది దగ్గర ఆగింది.

"మూడు నెలలు రోజూ ఆ అంకె రాసుకున్నాను బాబాయ్" అంది. అంతే అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

పెద్దమ్మ తలమీద హెల్మెటు తీసి నేలమీద పెట్టింది. నా దగ్గరికి వచ్చి నిలబడింది. చెంప పగలగొడుతుందనుకున్నాను. మా నాన్న వయసు మనిషి, కొట్టినా తప్పులేదు.

"మీ నాయన ఇంజను విప్పితే బోల్టు పోయినా వచ్చి చెప్పేవోడు. 'వదినా, బోల్టు పోగొట్టినా' అని" అంది. "నువ్వు ఈడికి ఎందుకొచ్చినావో తెలుసు గదా. రోజూ నేనడిగేది వింటన్నావు గదా."

"తప్పయింది పెద్దమ్మా."

"అయింది. ఇప్పుడేం చేత్తావో చెప్పు."

ఇంజనీరమ్మాయి ఫోను పట్టుకుని బయటికి వెళ్ళింది. అరగంట మాట్లాడింది. తిరిగొచ్చి, కాగితం మీద జరిగింది జరిగినట్టు రాసింది, నా పేరుతో సహా. చదివి వినిపించి, సంతకం పెట్టమంది. పెట్టాను. నన్ను పొమ్మంటారనుకున్నాను. "పొమ్మనమనే చెప్పారు బాబాయ్. కానీ నీ చీర పీలికల లెక్క నీకు తప్ప ఇంకెవరికి తెలుసు?" అంది. ఆ మాటకు కోడలు కిసుక్కుమంది. తర్వాత ఆడవాళ్ళంతా నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు గానీ హెల్మెటు మళ్ళీ నెత్తిన పెట్టుకుంది.

మూల ఎందుకు చల్లగా ఉందో రెండు రోజుల్లో తేలింది. పైరుకు కాలవ నీళ్ళు వదిలినప్పుడల్లా కింద నాపరాయి పగుళ్ళలోంచి ఊట ఆ మూలకే వస్తోంది. మేం పోసిన వేడినంతా ఆ నీళ్ళు మోసుకుపోతున్నాయి. అటువైపు రెండు బోర్లు వేసి ఊటను తోడిపోశాం. ఇంకో అరడజను హీటర్లు దించాం. ఈసారి నేను దించిన ప్రతి తీగకూ నంబరు చీటీ కట్టాను. పీలికలు కూడా కట్టాను, అలవాటు పోదు. శుక్రవారం ఆగాల్సిన పని ఇంకో ఐదు వారాలు నడిచింది. ఆ ఒక్క మూల నుంచే, మిగతా చప్టా మొత్తం మీద చివరి నెలలో పడినదానికంటే ఎక్కువ నూనె పడింది. డ్రమ్ముల సంగతి తెలిసి బంకు పాత ఓనరు కారులో వచ్చి, అది తన పెట్రోలే కాబట్టి తనకే రావాలన్నాడు. పెద్దమ్మ ప్రహరీ మీదినుంచి, "అట్టనే తీసుకో నాయనా, తొమ్మిదేళ్ళు నా బావిలో దాచినందుకు ముందు ఆ నీళ్ళు ఒక చెంబు తాగిపో" అంది. ఆయన కారు మళ్ళీ మావైపు రాలేదు.

మిరపకాయల సంగతి చెప్పడం మర్చిపోయాను. అన్నీ ఆరాయి. గుంటూరు యార్డులో వ్యాపారి పిడికెడు నలిపి వాసన చూసి, ఏ తేడా లేదని పట్టుకెళ్ళాడు. మా ఊరివాళ్ళు మాత్రం ఇప్పటికీ వాటిని పెట్రోలు మిరపకాయలనే అంటారు. పని అయిపోయి ఇంజనీరమ్మాయి హైదరాబాదు వెళ్ళేటప్పుడు పెద్దమ్మ కోడలు వాటితో కొట్టిన కారం డబ్బా ఇచ్చింది. ఆ అమ్మాయి దాన్ని తీసుకుంటూనే తుమ్మింది.

నాకు శిక్ష మాత్రం పెద్దమ్మే వేసింది. వానాకాలం అంతా వారానికి రెండుసార్లు నేను వచ్చి మోటారు పెట్టి ఆ బావి తోడాలి. పైగా చలివేంద్రం మళ్ళీ లేస్తే, ఎండాకాలం అయ్యేదాకా రోజూ పొద్దున్నే కుండలు నేనే నింపాలి. "జీతమేమీ ఉండదు" అంది. నేను అడగలేదు. ప్రతిసారీ నీళ్ళు సీసాలో పట్టి పరీక్షకు పంపేవాళ్ళం. మొదట్లో కాగితాలు బాగోలేదనే వచ్చాయి. చలికాలం మధ్యలో ఒకటి కొంచెం నయమని వచ్చింది. సంక్రాంతి అయిన నెలకు, ఆ తర్వాత నెలకు, తాగవచ్చు అని వరసగా రెండు కాగితాలు వచ్చాయి. నేను ఎగురుకుంటూ తీసుకెళ్ళి చూపించాను. పెద్దమ్మ వాటిని చేతిలోకి కూడా తీసుకోలేదు. "కాయితం తాగుద్దా?" అంది.

ఉగాది వెళ్ళిన మూడోరోజు పందిరి లేచింది. కొత్త తాటాకు, కొత్త కుండలు, కొత్త గోనెపట్టాలు. గరిటె మాత్రం పాతదే, ఇన్నేళ్ళూ అటకమీద దాచింది. పొద్దున్నే నేను బావిలోంచి తోడి ఆరు కుండలూ నింపాను. రోడ్డుమీద పదిమందిదాకా నిలబడ్డారు. వాళ్ళంతా ఒకప్పుడు ఇక్కడ తాగినవాళ్ళే. ఎవరూ ముందుకు రాలేదు.

"నువ్వు రా" అంది పెద్దమ్మ నన్ను. "దోసిలి పట్టు. నీ పనిలో ఏమన్నా మిగిలుంటే ముందు నీ గొంతులోనే దిగాలి."

వంగి దోసిలి పట్టాను. ఆమె పోసింది. మొహం నీళ్ళ దగ్గరికి తీసుకుపోయాను. ఏడాదిగా ఆ వాసన కోసమే వెతికిన ముక్కు కదా, లేనిదాన్ని కూడా పట్టుకుంటుందేమోనని భయపడ్డాను. తడి మట్టి వాసన తప్ప ఏమీ లేదు. తాగాను. దోసిలి ఖాళీ చేసి తలెత్తితే పెద్దమ్మ నీళ్ళను కాదు, నా మొహాన్ని చూస్తోంది.

"వాసనొస్తందా? నిజం చెప్పు."

"లేదు పెద్దమ్మా. ఏమీ లేదు."

ఇంకాసేపు చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. అప్పుడు గరిటెలో మిగిలిన నీళ్ళను తన అరచేతిలో పోసుకుని, కళ్ళు మూసుకుని నోట్లో పోసుకుంది. పదేళ్ళ తర్వాత ఆమె తన బావి నీళ్ళు నోట పెట్టడం అదే. వెంటనే మింగలేదు. నోట్లోనే ఉంచుకుని నిలబడింది. పక్కన కోడలు ఆమె నోటివైపే చూస్తోంది.

మింగి, కళ్ళు తెరిచింది.

"ఉప్పదనం అట్టనే ఉందిరా" అంది. "మా బావి నీళ్ళే."

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. అందరి ముందే చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాను. "ఇంకేం, పప్పు మళ్ళా ఉడకదు" అంది కోడలు, ఆమె కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి. జనం నవ్వుతూ దోసిళ్ళు చాపి ముందుకొచ్చారు. అవతలినుంచి మాచర్ల బస్సు హారను కొట్టుకుంటూ వస్తోంది.

"నిలబడి చూస్తావేందిరా" అంది పెద్దమ్మ, గరిటె కుండలో ముంచుతూ. "బస్సు నిండా మనుషులున్నారు. పోయి ఇంకో రెండు బిందెలు తోడుకురా."

బిందెలు తీసుకుని బావివైపు నడిచాను.